ముప్పాతిక చెంచా ఉప్పు: టెంపో ట్రావెలర్‌ని ఇంటి దగ్గర మరకల్లేకుండా కడిగే ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి వారం: కొలతలు

బండి 13 సీట్ల టెంపో ట్రావెలర్, తెల్లది. తెల్ల రంగు మీద నీటి మరక పెద్దగా కనబడదు. బాధంతా రెండు పక్కలా ఉన్న ముదురు అద్దాలతో, నల్ల బంపర్లతో, సైడు మిర్రర్ల నల్ల మూతలతో. స్థలం హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో ఒక ఇండిపెండెంట్ ఇల్లు, గేటు ముందు ర్యాంపు. వాడేది బోరు నీళ్లు. నల్లా నీళ్లు సంపులోకి వస్తాయి గానీ తాగే నీళ్లను బండి మీద పోసే ఉద్దేశం మొదట్నుంచీ లేదు.

టేపు పెట్టి కొలిస్తే పైకప్పు, నాలుగు వైపులూ కలిపి దాదాపు 40 చదరపు మీటర్లు. కడిగి వదిలేశాక నిలిచే నీటి పొర సగటున 0.1 మిల్లీమీటరు అనుకున్నా 4 లీటర్లు. బోరు నీటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న ఉప్పుల మొత్తం) మీటరు చూపించింది లీటరుకు 940 మిల్లీగ్రాములు. ఆ 4 లీటర్లూ బండి మీదే ఆరిపోతే మిగిలేది 3.8 గ్రాముల ఉప్పులు, అంటే టీ చెంచాలో ముప్పాతిక. కడగడం అందరూ కడుగుతారు. ఈ ముప్పాతిక చెంచాని బండి మీద మిగలకుండా చేయడమే ఇక్కడి పని.

చుక్కల కిట్‌తో చూసిన కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం మోతాదు) 460. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం టీడీఎస్ 500, కఠినత్వం 200 దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 2,000, 600 వరకూ చెల్లుతుంది. అంటే గత్యంతరం లేకపోతే మనిషి తాగొచ్చు, నల్ల అద్దం మాత్రం తాగలేదు.

మన ఊరి రాయి గ్రానైట్. దాని పగుళ్లలోంచి, పైనున్న మొరం పొరలోంచి దిగేటప్పుడు నీరు కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లను, సిలికాను కరిగించుకుంటుంది. చుక్క ఆరుతున్నప్పుడు బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి, బైకార్బొనేటు కాస్తా కరగని కార్బొనేటు అవుతుంది. కెటిల్ అడుగున పట్టే తెల్ల పొలుసు ఇదే. ఎండకి కాలిన రేకు మీద ఈ మార్పు నిమిషాల్లో అయిపోతుంది. సిలికా సంగతి వేరు: దాన్ని టీడీఎస్ మీటరు దాదాపు పట్టుకోలేదు, వెనిగర్ కదపలేదు. ఏళ్ల తరబడి తుడవకుండా వదిలేసిన అద్దం ఏ పుల్లటి నీళ్లకూ లొంగకపోవడానికి కారణం చాలావరకు అదే.

మార్చి, రెండో వారం: చుక్కల పరీక్ష

ఏదైనా కొనకముందు చేయాల్సిన పని ఇది, ఖర్చు లేనిది. మిగిలిపోయిన నల్ల గ్లేజు టైలు ఒకటి తీసుకుని, తుడిచి, ఎండలో పెట్టి, సిరంజితో ఒక్కో మిల్లీలీటరు చొప్పున రకరకాల నీళ్ల చుక్కలు వేయాలి. ఏ చుక్క ఏదో టైలు అంచున మార్కర్‌తో రాసుకోవాలి, లేకపోతే ఆరాక అన్నీ ఒకేలా అనిపిస్తాయి.

బోరు నీళ్లు, 940: గట్టి తెల్ల వలయం. తడిగుడ్డకు సగమే పోయింది, గోరుతో గీకితే గరుకు తగిలింది. సాఫ్టెనర్ నీళ్లు, 950: వలయం తెల్లగానే ఉంది, కానీ తడిగుడ్డ తగిలితే మాయం. ఇంటి ఆర్వో నీళ్లు, 95: పలచని గీత. అదే ఆర్వో, లోపల శుద్ధి కాని నీళ్లని కాస్త కలిపే టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ పూర్తిగా మూశాక, 46: వెలుతురుకు వంచి చూస్తేనే కనబడే గీత. ఏసీ పైపు నీళ్లు, 22: వలయం లేదు, మధ్యలో దుమ్ము మరక ఉంది. బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్, 2: ఏమీ లేదు.

సాఫ్టెనర్ వరుస చూసి చాలామంది పొరపడతారు. సాఫ్టెనర్ ఉప్పుని తీసేయదు, కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. అందుకే టీడీఎస్ తగ్గదు, మరకా పడుతుంది. తేడా ఏమిటంటే ఆ మరక కరుగుతుంది. ఇంటి మొత్తానికి సాఫ్టెనర్ ముందే ఉంటే దాంతోనే కడుక్కోవచ్చు; బండి కోసం ప్రత్యేకంగా పెట్టించడం దండగ. పైపుకి చుట్టే అయస్కాంతాలూ ఎలక్ట్రానిక్ పెట్టెలూ నీటిలోంచి దేన్నీ తీయవు కాబట్టి వాటిని పరీక్షకు కూడా తేలేదు.

మార్చి, మూడో వారం: రెజిన్ లెక్క

ఉప్పు లేని నీటికి మిక్స్‌డ్ బెడ్ రెజిన్ (రెండు రకాల సన్న గింజల మిశ్రమం) కావాలి. నీటిలోని ధన, రుణ అయాన్లు రెండింటినీ పట్టుకుని బదులు హైడ్రోజన్, హైడ్రాక్సిల్ వదులుతుంది. అవి కలిసి నీరవుతాయి. లీటరు రెజిన్ పట్టగలిగేది ఉజ్జాయింపుగా 27 గ్రాముల ఉప్పు, అదీ కాగితం మీద.

పది అంగుళాల ఆర్వో హౌసింగ్‌లో (ఫిల్టరు కూర్చునే డబ్బాలో) పట్టే రీఫిల్ కార్ట్రిడ్జిలో సుమారు 0.6 లీటరు రెజిన్ పడుతుంది. రెండు పెడితే 1.2 లీటర్లు, 32 గ్రాముల సామర్థ్యం. బోరు నీళ్లు నేరుగా పంపితే 32ని 0.94తో భాగించండి: 34 లీటర్లకే ఖతం. రెండు వాషులకోసారి కొత్త రెజిన్ కొనాల్సిందే. నేరుగా కుళాయికి తగిలించే రెజిన్ సిలిండర్ల గురించి విని, అదే ఇక్కడి బోరుకి తగిలించి దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే. ఆ పద్ధతి టీడీఎస్ తక్కువున్న ఊళ్లకి సరిపోతుంది.

ముందు ఆర్వో, తర్వాత రెజిన్ పెడితే? 46 టీడీఎస్ మీద కాగితం లెక్క 700 లీటర్లు. ఆర్వో పొర (మెంబ్రేన్) వాయువుల్ని ఆపదు. దాటొచ్చిన కార్బన్ డయాక్సైడ్ కూడా రెజిన్‌ని తింటుంది కాబట్టి సగమే నమ్మాం: 350 లీటర్లు. ఒక్కో వాషుకి 16 లీటర్లంటే 21 వాషులు.

16 లీటర్లే ఎందుకంటే, మరక వేసేది చివరగా మిగిలే పొర ఒక్కటే. బురద వదిలించే నీళ్లు, షాంపూ నీళ్లు బోరువైనా ఫరవాలేదు.

మార్చి, నాలుగో వారం: బిగింపు

సామాను: పది అంగుళాల హౌసింగులు 2, రీఫిల్ కార్ట్రిడ్జిలు 2, రంగు మారే మిక్స్‌డ్ బెడ్ రెజిన్ 1.5 లీటర్లు, పావు అంగుళం ఆర్వో ట్యూబు 3 మీటర్లు, పుష్ ఫిట్టింగులు, చిన్న బాల్ వాల్వు, 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి. హౌసింగులు, ఫిట్టింగులు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక్క పూటలో దొరుకుతాయి. హౌసింగు పారదర్శకమైనదే అడగాలి, రెజిన్ రంగు బయటికి కనబడాలి.

ఆర్వో పంపు తర్వాత, మెంబ్రేన్ దాటాక, మినరల్ కార్ట్రిడ్జికి ముందు టీ జాయింటు పెట్టి లైను తీయాలి. మినరల్ కార్ట్రిడ్జి దాటాక తీస్తే మీరు తీయించుకున్న ఉప్పునే అది మళ్లీ కలుపుతుంది. రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేన్ గంటకు ఇచ్చేది 12 లీటర్ల లోపే. 16 లీటర్లకి గంటా ఇరవై నిమిషాలు పైన. వేగం తక్కువ కావడం రెజిన్‌కి మంచిదే. ముందురోజు రాత్రి క్యాన్ నింపి పెట్టుకుంటే సరి.

తేడా కొట్టింది రెండు చోట్ల.

మొదటి రీడింగు 28 వచ్చింది. కొత్త రెజిన్‌కి సున్నా రావాలి. హౌసింగు విప్పి చూస్తే కార్ట్రిడ్జి పైనున్న రబ్బరు వాషరు పక్కకి జరిగి ఉంది; నీరు రెజిన్‌లోంచి కాకుండా పక్కనుంచి దొంగదారిన వెళ్తోంది. వాషరు సర్ది బిగిస్తే 3. ఇంకా సున్నా కాదు. రెజిన్ వదులుగా నింపినందువల్ల మధ్యలో దారి చేసుకుని నీరు పారుతోంది. కార్ట్రిడ్జిని నేలకి మెల్లగా తడుతూ, రెజిన్ కూరుకుంటూ అంచుదాకా నింపి, స్పాంజి పెట్టి మూత వేశాక 0. హౌసింగుల్ని నిలువుగానే బిగించాలి. పడుకోబెడితే ఎంత కూరి నింపినా పై అంచున ఖాళీ ఏర్పడి నీరు ఆ దారే పడుతుంది.

ఆర్వో బయటికి వదిలే నీళ్లు మంచి నీళ్లకి మూడింతలు, టీడీఎస్ 1,240 దాకా. 16 లీటర్లకి 48 లీటర్లు బకెట్లలో పట్టి చక్రాల బురదకి, ర్యాంపు కడగడానికి వాడటమే. మొక్కలకి పోయొద్దు.

ఏప్రిల్, మొదటి వారం: పాత మరకలు

కొత్త నీళ్లతో కడిగితే పాత మరక పోదు. ముందు దాన్ని దించాలి. కిరాణా షాపు నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, లీటరు ఆర్వో నీటికి 20 గ్రాములు. నీడలో, చల్లటి అద్దం మీద, ఈ నీటిలో ముంచిన గుడ్డని రెండు మూడు నిమిషాలు అంటించి ఉంచి, తీసి, వెంటనే కడిగేయాలి. అద్దం మొత్తానికి ఒకేసారి పూయకుండా ఒక కిటికీ పూర్తి చేసి రెండోదానికి వెళ్లాలి. ఆరనిస్తే సిట్రిక్ మరక ఇంకోటి తయారవుతుంది. క్రోము, వట్టి అల్యూమినియం భాగాలకి తగలనివ్వొద్దు.

పది కిటికీల్లో ఎనిమిది మొదటి దఫాలోనే శుభ్రపడ్డాయి. మిగిలిన రెండూ రోజూ సాయంత్రం తోట స్ప్రింక్లర్ పడే వైపువి. వాటికి క్లే బార్ (మురికిని లాగే మట్టి ముద్ద) పట్టించి, ఆపైన సీరియం ఆక్సైడ్ పొడిని నీటితో పేస్టు చేసి ఫెల్టు ప్యాడ్‌తో రుద్దాల్సి వచ్చింది. ఇది అద్దానికి మాత్రమే. పెయింటు మీద గోరు తగిలితే గుంటలా అనిపించే మరక ఉంటే అది పైన పట్టిన ఉప్పు కాదు, పెయింటునే తినేసిన గుంట. దానికి పాలిషింగ్ కాంపౌండే మందు.

బాత్రూం యాసిడ్ ఊసే ఎత్తొద్దు. మరక పోతుంది, రబ్బరు బీడింగులూ స్క్రూలూ కూడా దాంతోపాటే పోతాయి.

ఏప్రిల్, రెండో వారం: మొదటి వాషు, ఫెయిల్

ఉదయం 5:40కి మొదలు. ఏప్రిల్‌లో ఏడున్నర దాటితే తూర్పు వైపు రేకు వేడెక్కుతుంది. ఈ పనికి గడియారమే మొదటి పనిముట్టు.

చివరి రిన్సుకి 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్, పొలంలో మందు కొట్టేదే, కానీ కొత్తది. పాత స్ప్రేయర్ ఎంత కడిగినా వద్దు, కలుపు మందు వాసన గొట్టంలోంచి పోదు. రేకులా పరుచుకునే ఫ్యాన్ నాజిల్ పెట్టాక నిమిషానికి లీటరున్నర వస్తోంది, అంటే ట్యాంకు పదకొండు నిమిషాలు.

అంతా పద్ధతిగా చేశాక కూడా అద్దాల మీద మచ్చలు. క్యాన్‌లో నీటి టీడీఎస్ 1, నాజిల్ దగ్గర పడితే 61. లీకు పరీక్షకి ముందురోజు స్ప్రేయర్‌లో బోరు నీళ్లు పోశారు. ట్యాంకు అడుగున, గొట్టంలో, పంపులో మిగిలినది చాలు. అప్పట్నుంచి నియమం: స్ప్రేయర్‌లోకి రెజిన్ నీళ్లు తప్ప వేరేవి రాకూడదు, కొలత క్యాన్ దగ్గర కాదు, నాజిల్ దగ్గర.

రెండో తప్పు లెక్కది. 4 లీటర్ల 940 పొర మీద 16 లీటర్లు ఒకేసారి పోస్తే, పూర్తిగా కలిసిందనుకున్నా, అయిదో వంతు మిగులుతుంది, 190 దగ్గర. అదే 16ని ఎనిమిదేసి చొప్పున రెండు సార్లుగా, మధ్యలో కారనిస్తూ పోస్తే మూడో వంతులో మూడో వంతు, 105. ఇక ముందే పొరని లీటరుకి తగ్గించి ఆ తర్వాత 8 లీటర్లు పోస్తే ఒక్క దఫాకే తొమ్మిదో వంతు, సగం నీళ్లతో అదే 105. అది కారాక మిగిలిన 8 కూడా పోస్తే 35. ఇంటి బట్టలు జాడించేవాళ్లకి కొత్త విషయం కాదు: పిండి జాడించాలి, జాడించి జాడించి కాదు.

ఏప్రిల్, మూడో వారం: రెండో వాషు, ఇప్పటి క్రమం

బండిని ర్యాంపు మీద ముక్కు కిందికి ఉండేలా నిలపాలి. పైకప్పు మీద నిలువు గాడులు ఉంటాయి, వాటిలో లీటర్ల కొద్దీ నీరు నిలుస్తుంది. సమతలంగా పెడితే అది ఇరవై నిమిషాల పాటు చుక్కచుక్కగా ఆరిన అద్దాల మీదికి దిగుతుంది. ముక్కు వంచితే ముందు అద్దం మీదికి ఒక్కసారే కారి ఊరుకుంటుంది.

చక్రాలు ముందు, ఆర్వో వదిలిన నీళ్లతో. తర్వాత ప్రెషర్ వాషర్‌తో పైనుంచి కిందికి దుమ్ము దింపడం, నాజిల్ ఒంటికి 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో. ఈ మెట్టు దాటేయకూడదు: మన రోడ్ల దుమ్ములో గ్రానైటు ఇసుక, సిమెంటు ఉంటాయి, ముందు మిట్టు (చేతికి తొడుక్కుని రుద్దే మెత్తని తొడుగు) పెడితే పెయింటు మీద సన్న గీతలు ఖాయం. కానుగ చెట్టు కింద నిలిపిన బండైతే ఫోము పోసి అయిదు నిమిషాలు నాననివ్వాలి.

15 లీటర్ల బకెట్‌కి 30 మిల్లీలీటర్ల కారు షాంపూ, పక్కన మిట్టు జాడించుకోవడానికి రెండో బకెట్. పైకప్పుకి పొడుగు కర్ర మెత్తని బ్రష్షు, మనిషి అల్యూమినియం ప్లాట్‌ఫాం మీద. ఒంటి నిచ్చెనని తడి ర్యాంపు మీద వేయొద్దు. పైకప్పు, ముందు, ఒక పక్క మూడు ముక్కలు, వెనక, రెండో పక్క మూడు ముక్కలు. ఏ ముక్కకాముక్క కడిగి వెంటనే నీళ్లు కొట్టాలి. షాంపూ ఆరడం బోరు నీళ్లు ఆరడం కన్నా ఘోరం.

ఆఖరి బోరు రిన్సు ప్రెషర్ వాషర్‌తో కాదు. మామూలు గొట్టం, నాజిల్ తీసేసి, పైకప్పు అంచు మీద మెల్లగా పారిస్తే నీరు దుప్పటిలా జారి తనతో పాటు చుక్కల్ని లాక్కెళ్తుంది. ప్రెషర్‌తో కొడితే వెయ్యి చుక్కలుగా చెదురుతుంది.

ఇప్పుడు 600 వాట్ల హ్యాండ్ బ్లోయర్, ఏసీ మెకానిక్కులు వాడే రకం. తడి నేల మీద కరెంటు పని కాబట్టి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న సాకెట్ నుంచే. నాలుగు నిమిషాల్లో పైకప్పు, అద్దాలు దులిపితే పొర లీటరు దగ్గరకి వస్తుంది. రబ్బరు వైపర్‌తో లాగొచ్చు గానీ అద్దాలకే. పెయింటు మీద ఒక్క ఇసుక రేణువు చిక్కితే చాలు.

ఆపైన రెజిన్ నీళ్లు, ఎనిమిదేసి లీటర్లు రెండు దఫాలు. మళ్లీ బ్లోయర్. చివరికి టవల్.

టవల్ గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నీటి మీద ఇంత శ్రమపడి ఇక్కడ పాడుచేసుకోవడం తేలిక. మెలితిప్పిన పోగుల రకం, 60 బై 90 సెంటీమీటర్లు, 1,000 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) పైన ఉన్న మైక్రోఫైబర్ రెండు, అద్దాలకి వాఫుల్ నేత ఒకటి, తలుపు అంచులకి పాతది ఒకటి. పూర్తి పొడి టవల్ మొదట నీటిని తోస్తుంది, పీల్చదు. తడిపి గట్టిగా పిండి వాడాలి. రుద్దకుండా పరిచి లాగాలి. ఉతికేటప్పుడు కంఫర్టు రకం ద్రవాలు పోస్తే పోగుల మీద జిడ్డు పూత పడి పీల్చడం మానేస్తుంది. బోరు నీళ్లతో ఉతికి ఎండేసిన టవల్ అప్పడంలా బిరుసెక్కుతుంది, ఆ బిరుసంతా ఉప్పే. ఆఖరి జాడింపు ఆర్వో నీటిలో.

దాక్కున్న నీరు ఎక్కడెక్కడో: సైడు మిర్రర్ల మూతల్లో, తలుపు హ్యాండిళ్ల వెనక, జరిపే కిటికీల గాడిలో, నంబరు ప్లేటు వెనక, వైపర్ల కింది జాలీలో, లగేజి క్యారియర్ బోల్టుల దగ్గర. వీటికి మళ్లీ బ్లోయర్. వీధి చివరిదాకా నడిపి రెండు సార్లు బ్రేకు వేసి తెస్తే ఇంకో గుక్కెడు నీరు బయటపడుతుంది. దాన్ని తుడవడం మరిచిపోతే పొద్దున్నుంచీ పడిన పాటుకి గుర్తుగా మిర్రర్ కింద తెల్లటి ధార మిగులుతుంది.

మొత్తం గంటా యాభై నిమిషాలు, ఇద్దరు మనుషులు. బోరు నీళ్లు 130 లీటర్లు, రెజిన్ నీళ్లు 16. అద్దాల మీద ఏమీ లేదు. వెనక బంపర్ మీద మాత్రం ఏడెనిమిది చుక్కలు: నంబరు ప్లేటు వెనకనుంచి వచ్చినవి.

జూన్, మూడో వారం: వాన

వాన నీటికి ఉప్పెక్కడిది? మేడ మీద శుభ్రంగా కడిగిన 10 చదరపు మీటర్ల రేకు కింద పైపు పెట్టాం. మొదటి 2 మిల్లీమీటర్ల వాన, అంటే 20 లీటర్లు, దుమ్ముతో వస్తుంది కాబట్టి వదిలేయాలి. ఆ తర్వాత పట్టినదాని టీడీఎస్ 14. 10 మిల్లీమీటర్ల వాన పడితే మిగిలేది 80 లీటర్లు, అయిదు వాషుల నీళ్లు. 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టర్ దాటించి మూత ఉన్న డ్రమ్ములో, ఎండ తగలని చోట. పాచి పట్టకుండా రెండు వారాల్లో వాడేయాలి. దీన్నే రెజిన్‌లోంచి పంపితే రెజిన్ మూడింతలు మన్నుతుంది. అద్దాలు తుడిచేవాళ్లయితే రెజిన్ లేకుండా నేరుగా వాడినా సరిపోతుంది.

ఏసీ నీళ్లు కూడా ఇదే దారిలో. ఏప్రిల్ పొడి గాలికి పెద్దగా రావు గానీ ఉక్కపోత మొదలయ్యాక ఒక్క రాత్రికే బకెట్ నిండుతుంది. కాయిల్ మీది జిడ్డు దుమ్ము కలుస్తుంది కనుక ఫిల్టర్ తప్పదు.

వాన నీటిలో తడిసిన బండి ఎండితే మరక పడదని అనుకోకండి. గాలిలోని దుమ్ము, బండి మీదున్న దుమ్ము కలిసి పడతాయి. వానకి తడిసిన బండిని ఆ రోజే కడిగితే సగం పని అయిపోయినట్టే.

షాంపూ నీళ్లు ఇంకుడు గుంతలోకి పోకుండా ర్యాంపు చివర ఇటుక అడ్డం పెట్టి డ్రైనేజీ వైపు మళ్లించాం. గుంతలోకి దిగేది బోరులోకి వచ్చేదే.

జూలై, రెండో వారం: రెజిన్ స్థితి

ఇప్పటిదాకా 12 వాషులు, రెజిన్ దాటిన నీళ్లు 190 లీటర్లు. మొదటి హౌసింగులో కింది మూడో వంతు రంగు మారింది, రెండోది పూర్తిగా తాజాగా ఉంది. మొదటిది బయటికిచ్చే నీరు 4, రెండోదాని తర్వాత 0. రెజిన్ అలసిపోయేటప్పుడు ముందుగా జారిపోయేది సిలికా, అది మీటరుకి కనబడదు. అందుకే మీటరు 20, 30 చూపించేదాకా ఆగడం లేదు: మొదటి హౌసింగు 10 చూపిన రోజు దాన్ని ఖాళీ చేసి, రెండోదాన్ని మొదటి స్థానంలోకి జరిపి, కొత్త రెజిన్ రెండో స్థానంలో పెట్టాలి. వాడేసిన రెజిన్‌ని ఇంట్లో తిరిగి బతికించే ప్రయత్నం వద్దు; రెండు రకాల గింజల్ని విడదీసి, ఒకదానికి ఆమ్లం, ఇంకోదానికి కాస్టిక్ సోడా పట్టించాలి, వంటింటి పని కాదు.

క్యాన్‌లో రెండు రోజులు నిలవున్న నీరు 0 నుంచి 1కి పెరిగింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగినందువల్ల అది, ఆరితే ఎగిరిపోతుంది, మరక వేయదు.

మిగిలిన పని: నంబరు ప్లేటు వెనక నాలుగు రబ్బరు వాషర్లు పెట్టి 5 మిల్లీమీటర్లు ముందుకి జరపాలి, బ్లోయర్ గాలి వెనక్కి పోయేలా. క్యారియర్ బోల్టుల చుట్టూ సిలికాన్ పూయాలి. వచ్చే వాషుకి ముందు నాజిల్ విప్పి చూడాలి, ఎడమ వైపు ధార పలచబడింది.